మా అత్తమ్మ ఎండకేసిన కోట్లు

మా ఆయన దుబాయ్‌లో బొచ్చు కోట్లు అమ్మేవాడు. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత "ఎక్కడా?" అని మళ్ళీ అడుగుతారు. దుబాయ్‌లోనే. ఎండాకాలం మధ్యాహ్నం కారు తలుపు పట్టుకుంటే చెయ్యి చుర్రుమనే ఊళ్ళోనే. మింక్ అనీ, నక్క అనీ, చలిదేశాల జంతువుల చర్మాలను బొచ్చుతో సహా కుట్టిన కోట్లు. కొనేది రష్యా నుంచి వచ్చే టూరిస్టులు. పగలంతా సముద్రంలో మునిగి ఒళ్ళు ఎర్రగా కాల్చుకుని, సాయంత్రం దేరా బజారుకు వచ్చి, వాళ్ళ ఊళ్ళో మంచు పడే రోజులకు కావలసిన కోటు ఇక్కడ చవగ్గా కొనుక్కుని పోయేవారు. అంతే సంగతి. మా బంధువులకు ఈ నాలుగు ముక్కలు పెళ్ళైనప్పటి నుంచీ చెబుతున్నాను, ఒక్కరికీ ఎక్కలేదు. "బొచ్చు వ్యాపారం ఎట్లుంది?" అని అడిగి కిసుక్కున నవ్వడం మాత్రం మానలేదు.

ఆయన జగిత్యాల దగ్గరి పల్లె నుంచి కార్గోలో మూటలు ఎత్తే పనికి వచ్చాడు. ఆ మూటలు దింపే దుకాణాల్లో ఒకటి ఈ కోట్లది. దాని యజమాని, ఒక గ్రీకు ముసలాయన, ఈయన చేతి ఒడుపు చూసి కోట్లు దువ్వి ఆవిరి పట్టే పనికి పెట్టుకున్నాడు. అక్కడ నిలబడి వినీ వినీ రష్యన్ నేర్చుకున్నాడు మా ఆయన. అక్షరం ఒక్కటి రాదు, మాట మాత్రం గలగలా. నేను పెళ్ళై వచ్చేసరికి కౌంటరు ఆయనదే, లాభంలో కొంత వాటా కూడా ఆయనదే.

అమ్మే తీరు ఒకటుండేది. ధర ముందు చెప్పడు. కోటును రెండు చేతుల మీద పరిచి తెచ్చి, బొచ్చు మీద మెల్లగా ఊదుతాడు. బొచ్చు పాయ విడిపోయి, అడుగున ఎంత దట్టంగా ఉందో కొనేవాళ్ళకు కనబడాలి. తర్వాత ఆవిడ భుజాల మీద వేసి, అద్దం వైపు తిప్పి, రెండడుగులు వెనక్కి వేసి నోరు మూసుకుంటాడు. ఆవిడ ధర విని, మొహం మాడ్చుకుని తలుపు దాకా పోయాక అప్పుడు వెనక్కి పిలిచి ఆఖరి ధర చెబుతాడు. ఈ విద్య దుకాణంలోనే వదిలిపెట్టి వస్తే నాకేం బాధ లేదు. ఒకసారి సెలవుకు పోయినప్పుడు మా పిన్ని వాళ్ళ మేకపిల్లను పట్టుకుని, పదిమంది ముందూ దాని వీపు మీద ఊది చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంకొక సంగతి ఇక్కడే చెప్పాలి. మా ఆయనా, ఆయన అవ్వా అని పిలిచే వాళ్ళమ్మా పోట్లాడుకోకుండా ఒక్క పూట మాట్లాడుకునేవారు కాదు. మాది కరీంనగర్. మా నాన్న బడిపంతులు, మా ఇంట్లో గొంతు పెంచడం అంటే ఎవరికో ఏదో అయిందని అర్థం. కొత్తగా పెళ్ళైనప్పుడు వీళ్ళ ఫోను విని, ఆస్తి తగాదా అనుకుని బెదిరిపోయాను. తీరా చూస్తే అది కూరలో ఉప్పు గురించి.

"నా కూరల ఉప్పెక్కువైతదని నీకెవడు చెప్పిండురా?"

"నా నాలుకే చెప్పిందే అవ్వా! ఇరవయ్యేండ్లు తిన్న గాదు?"

"నీ నాలుక పాడుగాను! దుబాయ్ పోంగనే నాలుక గూడ దుబాయ్‌దైపాయె!"

ఇట్లా ఓ గంట అరుచుకుని, ఇద్దరూ హాయిగా నిద్రపోయేవారు. నాకు తలనొప్పి మిగిలేది. అదే వాళ్ళు క్షేమం కనుక్కునే పద్ధతి అని తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది.

2020 మొదట్లో మా అత్తమ్మ విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చింది. దుబాయ్ అంతా చూపిస్తామని చెప్పి పిలిచాం. ఆవిడ చూసింది బర్ దుబాయ్‌లో మా ఫ్లాటు హాలు, వంటగది. మార్చిలో కరోనా వచ్చి అన్నీ మూసేశారు. విమానాలు లేవు, టూరిస్టులు లేరు, దుకాణం తలుపు తీయడానికి కారణం లేదు. కొన్నాళ్ళకు గ్రీకు ముసలాయన వాళ్ళ దేశం పంపిన విమానంలో వెళ్ళిపోయాడు. పోయేముందు మా ఆయన్ను పిలిచి, మిగిలిన సరుకులో ఇరవై పైన కోట్లు ఆయన వాటా కింద అప్పగించి, "రష్యావాళ్ళు తిరిగి వస్తారు, నువ్వే సొంతంగా దుకాణం పెట్టుకో" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. ఆ కన్నీళ్ళకు మా ఆయన పడిపోయాడు. దుకాణం మూతపడడంతో మా ఆయన వీసా రద్దయింది, ఆయన్ను నా వీసా మీదకు తెచ్చుకున్నాను. నేనొక క్లినిక్‌లో అకౌంటెంటును, అప్పుడు జీతం సగమే ఇస్తున్నారు. ఇంట్లో ఉన్నది ఒక్క పడకగది. ఆ గదిలోకి కోట్లు వచ్చాయి.

బొచ్చు కోటుకు చల్లదనం కావాలి, గాలి ఆడాలి, వెలుతురు తగలకూడదు. కాబట్టి పడకగది కిటికీకి నల్లగుడ్డ కట్టి, ఏసీ రాత్రింబగళ్ళు నడిపి, కోట్లను దూరం దూరంగా వేలాడదీశాడు. మేము నలుగురం, అంటే మా పాపతో కలిపి, హాల్లో చాపలు వేసుకున్నాం. హాల్లో ఏసీ పాతది, చప్పుడు ఎక్కువ, చల్లదనం తక్కువ. దుబాయ్ ఎండాకాలంలో చచ్చిన జంతువులు చల్లగా పడుకున్నాయి, బతికినవాళ్ళం చెమటలు కక్కాం. రాత్రి లేచి ఆ గదిలోకి తొంగిచూసి వచ్చేవాడు, పసిపిల్లలను చూసినట్టు. నా ఒళ్ళు మండిపోయేది. "ఎక్కడన్నా పని చూసుకోండి" అంటే, "రష్యావాళ్ళు రానీ" అనేవాడు. ఎన్నిసార్లు చెప్పినా అదే మాట.

మా అత్తమ్మకు మొదట ఆ చర్మాలు ఇంట్లో ఉండడమే మింగుడుపడలేదు. దేవుడి పటాలను వంటింటి అలమరలోకి మార్చి, పడకగది ముందు నుంచి పోవలసి వస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. కానీ తన కొడుకు బతుకంతా ఆ గదిలోనే వేలాడుతోందని అర్థమైన రోజు నుంచి ఆవిడ మారిపోయింది. తలుపు సరిగ్గా వేశామా లేదా అని మమ్మల్ని కాపలా కాసేది. నేను క్లినిక్ నుంచి తెచ్చే షుగరు మాత్రలు వేసుకోవడం మరిచిపోయేది కానీ, గది తలుపు మరిచేది కాదు.

ఆగస్టులో పడకగది ఏసీ పోయింది. బాగుచేసేవాడు ఇవాళ రేపు అంటూ తిప్పాడు. గాలిలో తేమ, గదిలో ఉక్క, రెండు రోజులకు ఒకలాంటి ముక్క వాసన మొదలైంది. మా ఆయన తెల్లవారి లేచి, కొండల అవతల ఉన్న ఫుజైరా ఊరికి పరుగెత్తాడు, అక్కడ తెలిసినవాళ్ళకు చిన్న చల్లగది ఖాళీగా ఉందని విని. నేను క్లినిక్‌కు పోతుంటే మా అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి అంది, "పిల్లా, అర్రంత గబ్బు వాసనొస్తాంది. పురుగు వడ్తదేమో." "ఆయన వచ్చి చూసుకుంటారు లే అత్తమ్మా" అని చెప్పి పోయాను.

మా అత్తమ్మకు లోకంలో ప్రతి రోగానికీ మందు ఎండే. మిరపకాయలు, పప్పులు, బొంతలు, దిండ్లు, బాలింతలు, జలుబు చేసిన పిల్లలు, అందరినీ ఎండకు వేసేది. ఆవిడ పెరిగిన తీరు అది. ఆ రోజు ఏం చేసిందంటే, బిల్డింగ్ కాపలా కాసే నాతూర్‌ను సైగలతో ఒప్పించి మిద్దె తాళం తీయించింది. అతనిది ఏ దేశమో ఆవిడకు తెలియదు, ఆవిడ చెప్పేది అతనికి ఒక్క ముక్క తెలియదు. అయినా ఇద్దరూ కలిసి లిఫ్టులో నాలుగైదు విడతలుగా కోట్లన్నీ పైకి మోశారు. కింద దుప్పట్లు పరిచి, కోట్లను విప్పి బొచ్చు కిందికి పడుకోబెట్టి, లోపలి అస్తరు ఎండకు తెరిచి పెట్టి, గాలికి ఎగరకుండా అంచులకు ఇటుకలు పెట్టింది. మధ్యాహ్నం ఒకసారి పోయి వడియాలు తిప్పినట్టు తిరగేసింది కూడా. పాపను అడిగితే, "నానమ్మ బట్టలు ఆరేస్తోందనుకున్నా" అంది. అది ఆన్‌లైన్ క్లాసులో ఉంది, దాన్నేమని ఏం లాభం?

నేనూ ఆయనా దాదాపు ఒకే వేళకు ఇంటికి చేరాం. గది తలుపు బార్లా తెరిచి ఉంది. మా అత్తమ్మ చేతిలో నీళ్ళచెంబుతో నవ్వుతూ ఎదురొచ్చింది. "మీదికి రా కొడుకా, చూద్దువు గాని" అని ఆవిడే దారి తీసింది.

దుబాయ్ ఆగస్టు ఎండ అది. ఆయన ఒక కోటు భుజం పట్టి లేపాడు. లోపలి చర్మం అప్పడంలా పెళుసెక్కి ఉంది. లేపిన చోటే ఫట్‌మని చిరిగింది. ఇంకొకటి లేపాడు. అదీ అంతే. మూడోది ముట్టుకోలేదు.

"చూసినవా, ఎట్లెండినయో! ఇప్పుడు వాసన గిట్ల ఏమన్న వస్తాందా?" అంటోంది ఆవిడ. "కింద రోడ్డు మీది చెట్టుకు యాపాకు తెంపుకొచ్చి జేబులల్ల వెట్టిన. ఇగ పురుగు ముట్టది."

ఇప్పుడు ఈయన అరిచే అరుపుకు బర్ దుబాయ్ మొత్తం బయటికి వస్తుందని సిద్ధపడ్డాను. ఆయన వాళ్ళమ్మ మొహం చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "మంచి పని చేసినవమ్మా."

పుట్టినప్పటి నుంచి అవ్వా అని పిలిచిన మనిషి అమ్మా అన్నాడు. ఆవిడ నవ్వు కాస్త తగ్గింది, ఏదో తేడా కొట్టినట్టుంది.

కోట్లను ఆవిడ కళ్ళ ముందే మళ్ళీ జాగ్రత్తగా గదిలో తగిలించాడు. అక్టోబరులో ప్రత్యేక విమానంలో ఆవిడ ఊరికి పోయి, మా ఆడబిడ్డ ఇంట్లో దిగాక, ఒక్కొక్కటే తీసుకుపోయి చెత్తపెట్టెలో వేశాడు. ఒకటి నాతూర్ అడిగి తీసుకుని మంచం మీద పరుచుకున్నాడు. వాళ్ళమ్మకు ఈ సంగతి తెలియకూడదని నా చేత పాప మీద ఒట్టు వేయించాడు. "తెలిస్తే తట్టుకోలేదు, అప్పుడు నేనూ తట్టుకోలేను" అన్నాడు.

ఇక అప్పటి నుంచి నా ప్రాణానికి మొదలైంది. శనివారం శనివారం ఆవిడ ఫోను. "కొడుకా, కోట్లు అమ్ముడువోయినయా?" "పోతున్నయమ్మా." "అన్నం తిన్నవా?" "తిన్ననమ్మా, మీ ఆరోగ్యం జాగ్రత్త." రెండు నిమిషాల్లో ఖలాస్. ఉప్పు లేదు, కారం లేదు, అరుపు లేదు. ఆ తర్వాత ఆవిడ నాకు ఫోను చేసేది, విడిగా.

"పిల్లా, నిజం చెప్పు. వాడు నన్ను తిడ్తలేడు. కావాల్నని నేనే గెలుకుతున్న, అయినా ఊకుంటున్నడు. పాణం బాగలేదా వానికి? నాకేమన్న దాస్తున్నరా?"

"ఏం లేదు అత్తమ్మా, పని ఒత్తిడి" అనేదాన్ని. పని లేని మనిషికి పని ఒత్తిడి! ఇటు చూస్తే ఒట్టు, అటు చూస్తే ఆవిడ ఏడుపు గొంతు. మధ్యలో నేను. ఎవరిని తిట్టాలో తెలియక ఇద్దరినీ మనసులో తిట్టుకునేదాన్ని. వాళ్ళ అరుపులతో తలనొప్పి తెచ్చుకున్న నేనే, ఆ అరుపుల కోసం దేవుడికి మొక్కే రోజు వచ్చింది. ఉద్యోగం దొరకకపోయినా ఫరవాలేదు, ఈయన వాళ్ళ అవ్వను ఒక్కసారి నోరారా తిడితే చాలు అనిపించేది.

2022లో, అక్కడ యుద్ధం మొదలయ్యాక, రష్యావాళ్ళు వచ్చారు. మా ఆయన చెప్పినట్టే, గుంపులు గుంపులుగా. కానీ ఈసారి తిరిగి పోవడానికి రాలేదు. ఇళ్ళు వెతుక్కున్నారు, పిల్లలను బడుల్లో వేశారు, బ్యాంకుల ముందు నిలబడ్డారు. వాళ్ళ భాష మాట్లాడే మనుషులు కావాలని బ్యాంకులు వెతికాయి. దుకాణం రోజుల్లో తెలిసినాయన ఒకరు చెప్పగా మా ఆయన ఒక బ్యాంకుకు పోయాడు. రష్యన్ చదవడం రాదంటే, "కాగితాలు చదివేవాళ్ళు ఉన్నారు, కూర్చోబెట్టి మాట్లాడేవాళ్ళు లేరు" అని తీసుకున్నారు. మూటలెత్తడానికి వచ్చిన మనిషి మెడలో టై కట్టుకుని బ్యాంకు మనిషయ్యాడు.

సంబరపడదామంటే ఆ బ్యాంకు ఇంకో తలనొప్పి. మొదటి నెలలో ఒక రష్యా ఆవిడ, ఫీజు ఎక్కువని లేచి తలుపు దాకా పోతే, మా ఆయన వెనక నుంచి పిలిచి ఆఖరి ధర చెప్పాడట. బ్యాంకులో ఆఖరి ధర ఏమిటి? ముదీర్, అంటే అక్కడి మేనేజరు, లోపలికి పిలిచి గడ్డి పెట్టాడు. అదే ముదీర్ సాయంత్రానికి, ఆవిడ తిరిగి వచ్చి ఖాతా తెరిచి ఇద్దరు చెల్లెళ్ళను కూడా తెచ్చిందని, భుజం తట్టాడు. కార్డు ఇచ్చేటప్పుడు రెండు చేతుల మీద పెట్టి ఇస్తాడని, ఇచ్చి రెండడుగులు వెనక్కి వేసి నిలబడతాడని అక్కడ అందరూ నవ్వుకుంటారట. ఊళ్ళో బంధువులేమో, బొచ్చు మాట మానేసి లోన్ల మాట మొదలుపెట్టారు. ఇంట్లో నాతో కూడా బ్యాంకు శిక్షణలో నేర్పిన గొంతుతోనే మాట్లాడేవాడు. "పప్పు వేయమంటారా?" అని అడిగితే, "దయచేసి వేయండి" అన్న మనిషితో ఎట్లా కాపురం చేయను? ఇక వాళ్ళమ్మతో ఫోను వింటే ఖాతాదారుతో మాట్లాడుతున్నాడనే అనుకోవాలి.

ఆ ఏడాది చివర్లో ఒక శనివారం. బ్యాంకు నుంచి మధ్యాహ్నానికే వచ్చాడు. బూట్లు విప్పకుండా సోఫాలో కూలబడ్డాడు. ఏమైందంటే చెప్పడు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. పొద్దున ఒక పెద్దావిడ వచ్చిందట, పెద్ద సంచితో. సంచిలో మింక్ కోటు. ఎన్నో ఏళ్ళ కింద ఈయనే అమ్మిన కోటు. ఆవిడ ఈయన్ను గుర్తుపట్టి, దీన్ని ఎట్లాగైనా అమ్మిపెట్టమని అడిగింది. "ఇక్కడే ఉండిపోయేదానికి నాకిదెందుకు? నా స్నేహితులందరి దగ్గరా ఇవే ఉన్నాయి. ఇంట్లో చోటు లేదు, కొనే దిక్కు లేదు" అందట. ఈయన దేరాలో పాత దుకాణాలన్నిటికీ ఫోను చేశాడు. అందరూ మాకొద్దన్నారు. కొనడానికి వచ్చేవాళ్ళకంటే అమ్మడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ ఉన్నారని చెప్పారు.

"అంటే," అన్నాను నేను, "మన కోట్లు బాగున్నా ఎవరూ కొనేవాళ్ళు కాదు."

ఆయన మెడలో టై విప్పి పక్కన పడేశాడు.

"రెండేళ్ళ నుంచి ఆ ముసలమ్మ మీద కోపం మింగుకుని కూర్చున్నది, ఎవరూ కొనని కోట్ల కోసమా?"

"నాకు కోపం లేదు."

అప్పుడు నాకు నిజంగానే పిచ్చెక్కింది. "కోపం లేదా? కోపం లేకనేనా అవ్వను అమ్మా అంటున్నారు? కోపం లేకనేనా కన్నతల్లిని మీరు అంటున్నారు? ఆమె ప్రతివారం నాకు ఫోన్ చేసి ఏడుస్తోంది! మీ ఒట్టు మీరే ఉంచుకోండి, నావల్ల కాదు, ఇవాళ నేనే చెప్పేస్తా!" అని అరిచాను. మా నాన్న ఉంటే తన కూతురి గొంతని నమ్మేవాడు కాదు. పాప గదిలోంచి తల బయటపెట్టి, మళ్ళీ లోపలికి పోయింది.

సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది. శనివారం కదా. ఆయన నా వైపు చూసి, గొంతు సవరించుకుని, స్పీకర్ నొక్కాడు.

"కొడుకా, కోట్లు అమ్ముడువోయినయా?"

ఆయన నోరు తెరిచాడు. పోతున్నయమ్మా అనబోతున్నాడని అనుకున్నాను.

"ఏడ అమ్ముడువోతయే అవ్వా! ఎప్పుడో చెత్తల వడ్డయి! తోలునెవలన్న ఎండకేస్తరానే? నువ్వు మిద్దె మీద ఎండవెట్టిన్నాడే ముక్కలు ముక్కలైనయి!"

ఆ గొంతుకు కిటికీ అద్దాలు గలగలమన్నాయి. అవతల చప్పుడు లేదు. నేను ఫోను మీదకు వంగి, "అత్తమ్మా, ఉన్నారా?" అన్నాను.

"ఆన్నాడేనా?" అంది ఆవిడ, చిన్న గొంతుతో.

"ఆన్నాడే."

"మరి వారం వారం పోతున్నయంటివి?"

"అన్న! ఇంకేమనాలె నేను?"

"ఓరి నీ మొఖం మీద మన్నువడ!" ఇప్పుడు అవతలి గొంతు లేచింది. "నీ కోట్లు అమ్ముడువోవాలని రెండేండ్ల సంది నేను శనారం శనారం ఒక్కపొద్దులుంటున్న గదరా!"

ఆయన సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. రెండేళ్ళ శనివారాలు. ఒంట్లో షుగరు పెట్టుకుని, పొద్దంతా ఏమీ తినకుండా, చెత్తకుప్పలో ఎప్పుడో మట్టికొట్టుకుపోయిన వాటి కోసం. మా ఆడబిడ్డ కూడా ఒక్క మాట చెప్పలేదు, బహుశా ఆమె చేతా ఒట్టు వేయించి ఉంటుంది ఈవిడ.

"షుగరుండంగ ఒక్కపొద్దులా? నిన్నెవలుండుమన్నరే అవ్వా?" ఆయన అరుస్తున్నాడు, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. "సచ్చిపోదామనుకున్నవా? నాకొక్క మాట చెప్పద్దా?"

"నువ్వు చెప్పినవా నాకు? అమ్మనంట, అమ్మ! నేనేమన్న నీకు బ్యాంకుకొచ్చినదాన్నా? నన్ను పట్టుకొని మీరంటవా? తిట్టరాదురా అప్పుడే? తిడ్తె ఏడ్చి ఊకుందును గదా!"

"తిడ్త! ఇప్పుడు తిడ్త!"

"తిట్టు. జరాగి తిట్టు. ఇయ్యాల్ల గూడ శనారమే, పొద్దటి సంది కడుపుల మంచినీళ్ళే ఉన్నయి. ఫోను వెట్టకు. ముందుగాల ఇంత అన్నం దిననీ, అటెన్క చెప్త నీ సంగతి."

ఆయన ఫోను పెట్టలేదు. బల్ల మీద ఉంచి, దాని ముందు నేల మీద కూర్చున్నాడు. అవతల కంచం పెట్టిన చప్పుడు, గిన్నె మూత తీసిన చప్పుడు వినబడ్డాయి. ఆవిడకు పొలమారింది.

"మెల్లగ తినవే అవ్వా," అన్నాడు ఆయన, మొహం తుడుచుకుంటూ. "ఎవలన్న గుంజుకపోతున్నరా?"